తెలివిని చెప్పే ఇంగ్లీషు విశేషణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరుకు ఉద్యోగానికో చదువుకో వచ్చిన తెలుగువారికి ఆదివారాల్లో ఇంగ్లీషు చెబుతుంటాను. వ్యాకరణంలో ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కోలా ఉంటుంది గానీ, ఈ గుంపు మాటల దగ్గరికి వచ్చేసరికి మారతహళ్లి నుంచి వచ్చినవారూ కె.ఆర్. పురం నుంచి వచ్చినవారూ ఒకే మాట అడుగుతారు: అన్నిటికీ నిఘంటువులో ‘తెలివైన’ అనే ఉంటే, దేన్ని ఎక్కడ వాడాలి? పదేపదే వచ్చిన ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టేటప్పుడు

అన్నిటి అర్థమూ ‘తెలివైన’ అనే కదా, ఒక్కటి నేర్చుకుంటే సరిపోదా?

సరిపోదు. ఎవరికి తెలివి ఎంత ఉందో ఈ మాటలు పెద్దగా పట్టించుకోవు. ఆ తెలివిని దేనికి వాడుతున్నారు, మాట్లాడేవారు ఆ మనిషిని ఎంతవరకు నమ్ముతున్నారు అన్నదే వీటి అసలు సంగతి. విదురుడికీ శకునికీ ఇద్దరికీ బుద్ధిబలం ఉంది. ఇంగ్లీషులో విదురుడు వైజ్, శకుని కన్నింగ్. ఒకరి సలహా వింటే రాజ్యం నిలిచేది, రెండోవారి సలహా విన్నందుకు కూలింది.

తెలుగులోనూ మనకు ఈ తేడా తెలుసు. ‘అతను తెలివైనవాడు’ అంటే మెచ్చుకోలు. ‘అతను తెలివైనవాడే’ అని చివర కాస్త సాగదీస్తే, జాగ్రత్తగా ఉండమని చెప్పినట్టు. మనం ఒక్క ఏకారంతో చేసే పనికి ఇంగ్లీషువారు మాటనే మార్చేస్తారు. అందుకే మాట ఎంచుకునే ముందు ‘ఈ మనిషికి నా ఇంటి తాళం ఇస్తానా?’ అని ఒకసారి అనుకోమంటాను. ఇస్తానంటే వైజ్, ఇంటెలిజెంట్, బ్రైట్ వైపు వెళ్లండి. ఇవ్వనంటే కన్నింగ్, స్లై, క్రాఫ్టీ వైపు. ఆలోచించి చెబుతానంటే క్లెవర్, ష్రూడ్ మీకోసమే ఉన్నాయి.

ఇంటెలిజెంట్‌కూ క్లెవర్‌కూ తేడా ఏమిటి?

ఇంటెలిజెంట్ అంటే విషయాన్ని గ్రహించే, విడమరిచి చూసే శక్తి ఉన్నవారు. క్లెవర్ అంటే చిక్కు వచ్చినప్పుడు చటుక్కున ఉపాయం తట్టేవారు. కావేరి నీళ్లు రాని రోజున వాషింగ్ మెషీన్ వదిలే నీటిని గొట్టం పెట్టి బాత్‌రూమ్ తొట్టికి మళ్లించిన పక్కింటావిడ క్లెవర్. ఈ నగరానికి ఏటా వేసవిలో నీటి ఇబ్బంది ఎందుకు వస్తోందో చెరువులు, బోర్లు, వర్షపాతం కలిపి వివరించగలిగిన వ్యక్తి ఇంటెలిజెంట్. ఒకే మనిషి రెండూ కావచ్చు.

ఇంటెలిజెంట్ లాటిన్ నుంచి వచ్చింది, మొదటి నుంచీ గౌరవంగానే బతికింది. క్లెవర్‌కు ఆ అదృష్టం లేదు. 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దాన్ని నికరమైన అర్థం లేని చౌకబారు మాటగా రాసి పక్కన పెట్టారు. ఇప్పుడు ఆ మరక పోయింది గానీ, బ్రిటిష్‌వారి నోట క్లెవర్ వింటే ఇప్పటికీ స్వరం కూడా వినాలి. ‘ఉపాయం బాగుంది, లోతు సంగతి తరువాత చూద్దాం’ అన్న ధ్వని ఒక్కోసారి ఉంటుంది.

స్మార్ట్ అంటే తెలివా, అందమా?

ఎక్కడివారు అన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికావారు తెలివికి రోజువారీగా వాడే మాట స్మార్ట్. బ్రిటన్‌లో ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెరిసే బూట్లు, నీటైన తీరు కూడా స్మార్టే. పెళ్లిచూపులకు వెళ్లొచ్చి ‘అబ్బాయి స్మార్ట్‌గా ఉన్నాడు’ అనే మన అత్తయ్యలు బ్రిటిష్ వాడుకకు దగ్గరగా ఉన్నారు. అబ్బాయి లెక్కల్లో ఎలా ఉంటాడో వారు చెప్పడం లేదు.

ఈ మాట పుట్టుక మంటలో ఉంది. పాత ఇంగ్లీషులో దీని క్రియకు చురుక్కుమనడం, మండడం అని అర్థం. సబ్బు నురగ కంట్లో పడితే కళ్లు ‘స్మార్ట్’ అవుతాయని ఇప్పటికీ అంటారు. చురుక్కుమనిపించే దెబ్బ నుంచి చురుకైన మాటకు, అక్కడి నుంచి చురుకైన మనిషికి వచ్చింది.

బుద్ధిమంతుడు అంటే ఇంటెలిజెంటే కదా?

కాదు. తెలుగులో బుద్ధిమంతుడు అంటే చెప్పిన మాట వినేవాడు, నడవడిక బాగున్నవాడు. ఇంగ్లీషులో వెల్ బిహేవ్డ్, ఒబీడియంట్ అన్నవి దగ్గర. మా అబ్బాయి బుద్ధిమంతుడు అనే ఉద్దేశంతో ఇంటెలిజెంట్ అంటే మీరు చెప్పినది వేరు, ఎదుటివారు విన్నది వేరు.

బెంగళూరులో ఇంకో మెలిక ఉంది. కన్నడంలో ‘బుద్ధివంత’ అంటే నిజంగానే తెలివైనవాడు. ‘జాణ’ మాట సంగతీ అంతే. తెలుగులో జాణ అనగానే మాటలతో ఆటాడించే ఒయ్యారి కళ్ల ముందు మెదులుతుంది. కన్నడంలో తెలివైన మగపిల్లవాడు జాణ, ఆడపిల్ల జాణె. ఎదురింటి కన్నడ అజ్జి మీ పాపను జాణె అంటే ముఖం ముడుచుకోకండి, ఇంగ్లీషులోనైతే ఆమె క్లెవర్ గర్ల్ అనేది.

‘వెరీ జీనియస్’ అంటే తప్పా?

తప్పే. జీనియస్ నామవాచకం, మనిషికి పెట్టే పేరు. ముందు ‘ఎ’ చేర్చి ఎ జీనియస్ అనాలి, వెరీ దానికి అతకదు. ‘వెరీ ఇంటెలిజెన్స్’, ‘వెరీ టాలెంట్’ కూడా ఇలాగే దొర్లుతుంటాయి. మనిషిని వర్ణించాలంటే ఇంటెలిజెంట్, టాలెంటెడ్.

## ఉద్యోగ ప్రయత్నంలో

బయోడేటాలో నా గురించి ఇంటెలిజెంట్ అని రాసుకోవచ్చా?

రాసుకోకండి. ఇంటెలిజెంట్, బ్రిలియంట్, వైజ్ అన్నవి ఇతరులు మనకు ఇచ్చే మాటలు. తనకు తాను ఇచ్చుకుంటే సొంత సన్మానానికి సొంత శాలువా కొనుక్కున్నట్టుంటుంది. ఏం చేశారో రాయండి. ‘రాత్రిపూట ఆగిపోయే నివేదికల కారణం కనిపెట్టి సరిచేశాను’ అన్న వాక్యం చదివినవారే మీకు తగిన విశేషణం పెట్టుకుంటారు. తప్పదనుకుంటే అనలిటికల్, రిసోర్స్‌ఫుల్ పనికొస్తాయి. అవి తెలివి మీకుందని గొప్ప చెప్పవు, దాన్ని మీరు వాడే తీరును చెబుతాయి. రిసోర్స్‌ఫుల్ అంటే ఉన్న వాటితోనే పని నెట్టుకొచ్చేవారు. చిన్న ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న మనవాళ్లలో చాలామందికి ఇది నిజాయతీగా సరిపోతుంది.

ఇంటర్వ్యూలో పాత మేనేజరు గురించి చెప్పమన్నారు. బ్రైట్ అన్నాను. సరేనా?

పొగిడారన్నది నిజమే, కానీ పైనుంచి కిందికి పొగిడారు. బ్రైట్ పెద్దవారు పిల్లలను, అనుభవం ఉన్నవారు కొత్తవారిని మెచ్చుకునే మాట. పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఆవిడను ఆమె దగ్గర పనిచేసినవారు బ్రైట్ అంటే, గురువుగారి వీపు తట్టినట్టు ఉంటుంది. అస్ట్యూట్, పర్సెప్టివ్ బాగుంటాయి. మొదటిది పరిస్థితిని సరిగ్గా అంచనా కట్టేవారికి, రెండోది పైకి చెప్పని విషయాన్నీ గమనించేవారికి.

నేను వైజ్ అంటే ఎదుటివారు ఎందుకు తికమకపడ్డారు?

చివరి ధ్వని వల్ల. వైజ్ చివర ఉన్నది గొంతు కంపించే జకారం. మనలో చాలామంది దాన్ని ‘స’ చేస్తాం. పైగా మొదటి ధ్వనికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. మనం పై పళ్లను కింది పెదవికి తగిలిస్తాం. రెండూ కలిస్తే వచ్చేది ‘వైస్’, అంటే దురలవాటు. ‘మా నాన్నగారు చాలా వైజ్’ అనబోయి ఇంకేదో అన్నట్టవుతుంది.

ఇంటెలిజెంట్ విషయంలో ఇబ్బంది ఊనికది. రెండో అక్షరం ‘టె’ మీద బరువు వేయాలి. అన్ని అక్షరాలూ సమానంగా పలకడం తెలుగు అలవాటు.

## ఆఫీసులో చేరాక

నా కోడ్ చూసి ‘క్లెవర్’ అని వ్యాఖ్య రాశారు. పొగడ్తే కదా?

ఈ ప్రశ్న బెంగళూరులో తప్ప ఇంకెక్కడా ఇన్నిసార్లు వినను. మామూలు మాటల్లో పొగడ్త కావచ్చు. కోడ్ సమీక్షలో మాత్రం చాలాసార్లు మర్యాదగా చెప్పిన ఫిర్యాదు. పది వరుసల్లో తేటగా రాయగలిగినదాన్ని ఒక్క వరుసలో బిగించారు, మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, ఆరు నెలలైతే మీకూ కాదు అని దాని భావం. ఒకటి గమనించండి. క్లెవర్ తరువాత ‘బట్’ ఉందంటే అది ఫిర్యాదే. ఏమీ లేకుండా చుక్క పెట్టి ఆపితే కూడా ఫిర్యాదయ్యే అవకాశమే ఎక్కువ. క్లెవర్ సొల్యూషన్ అని నామవాచకం జోడించి, కింద ఆమోదం కూడా ఇచ్చి ఉంటే సంతోషించండి. నిజంగా మెచ్చుకునేవారు కోడ్‌ను నీట్, క్లీన్, ఎలిగెంట్ అంటారు. ఎలిగెంట్ వస్తే ఆ రోజు కాఫీ మీరే ఇప్పించండి.

ఓవర్ స్మార్ట్ మంచి ఇంగ్లీషేనా?

మన దేశంలో చక్కగా చెల్లుతుంది. తెలుగులో అతితెలివి అనేదానికి ఇదే మాట, హిందీవారూ కన్నడిగులూ ఇదే వాడతారు. విదేశీ సహోద్యోగులకు భావం అందుతుంది గానీ వాళ్లు అలా అనరు. అమెరికాలో స్మార్ట్ ఆలెక్ అంటారు. బ్రిటన్‌లో టూ క్లెవర్ బై హాఫ్ అన్నది నానుడి, సగం తగ్గించుకుంటే బాగుండేంత తెలివి అని. మూడూ తిట్లే, ఆఫీసు ఉత్తరాల్లో వద్దు.

ఆహ్వానంలో స్మార్ట్ క్యాజువల్స్ అని ఉంది. ఏమిటది?

ఇక్కడ స్మార్ట్ తెలివికి సంబంధించినది కాదు. టై, సూటు అక్కరలేదు, అలాగని చెప్పులు, నలిగిన టీషర్టు కూడా వద్దని.

లౌక్యం ఉన్నవారిని ఇంగ్లీషులో ఏమనాలి?

ఒక్క మాట లేదు, లౌక్యాన్ని ముక్కలు చేసి వాడాలి. ఎదుటివారు నొచ్చుకోకుండా పని జరిపించుకునేవారు టాక్ట్‌ఫుల్. లోకం ఎలా నడుస్తుందో దెబ్బలు తిని నేర్చుకుని, మెజెస్టిక్ బస్టాండులో అర్ధరాత్రి దిగినా ఆటో బేరంలో మోసపోనివారు స్ట్రీట్ స్మార్ట్. ఒక రంగం లోపలి కిటుకులన్నీ తెలిసినవారు శావీ. దాని ముందు రంగం పేరు చేర్చుకోవచ్చు: టెక్ శావీ, మీడియా శావీ. ఈ శావీ స్పానిష్, పోర్చుగీసు భాషల్లో ‘తెలుసు’ అనే క్రియ నుంచి ఓడరేవుల కలగలుపు భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లౌక్యం ముదిరి గడుసుతనమైతే ష్రూడ్ దగ్గరికి వస్తుంది.

మా డైరెక్టరును ష్రూడ్ అనడం మర్యాదేనా?

వ్యాపార నిర్ణయం గురించి అయితే మర్యాదే. ష్రూడ్ ఇప్పుడు మెచ్చుకోలు. చిక్‌పేటలో బట్టల దుకాణంవారు కొనేవారి ముఖం చూసి ఎంతవరకు దిగుతారో కనిపెడతారే, అది ష్రూడ్. డబ్బు, బేరం, రాజకీయం ఉన్నచోట ఈ మాట ఒదుగుతుంది. కానీ అందులో సొంత లాభం లెక్క కొంచెం ఎప్పుడూ ఉంటుంది. మీకు వైద్యం చేసిన డాక్టరునో పిల్లలకు చదువు చెప్పే టీచరునో ష్రూడ్ అంటే, వారు మీ దగ్గర ఏదో రాబట్టుకున్నారని వినిపిస్తుంది.

## పిల్లల బడి దగ్గర

టీచర్ మా పాపను బ్రైట్ అన్నారు. బ్రిలియంట్ అని ఎందుకు అనలేదు?

బ్రైట్ తక్కువేమీ కాదు. త్వరగా గ్రహిస్తుంది, ముందుకు వెళుతుంది అని. బ్రిలియంట్ అసాధారణమైనదానికి వాడవలసిన మాట. మన దేశంలో క్లాసుకు పదిమంది బ్రిలియంట్ విద్యార్థులు ఉండటం వల్ల అది పలచబడింది. బ్రిటన్‌లోనూ ఇంకో రకంగా పలచబడింది: అక్కడ ‘రేపు నాలుగింటికి వస్తాను’ అన్నా బ్రిలియంట్ అంటారు, ‘సరే, బాగుంది’ అన్నంత తేలికగా. కాబట్టి ఆచితూచి మాట్లాడే టీచర్ నోట వచ్చిన బ్రైట్ విలువే ఎక్కువ. ‘బ్రైట్, బట్’ అని మొదలైతే మాత్రం బట్ తరువాతిది శ్రద్ధగా వినండి. బహుశా హోంవర్కు సంగతి.

గిఫ్టెడ్, టాలెంటెడ్ ఒకటేనా?

చాలావరకు కలిసే తిరుగుతాయి. గిఫ్టెడ్‌లో పుట్టుకతో వచ్చింది అన్న భావం బలంగా ఉంటుంది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ 1913లో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి తన సిద్ధాంతాలు రాసి పంపిన రామానుజన్‌కు అది సరిపోతుంది. టాలెంటెడ్ పాట, ఆట, బొమ్మ వంటి పైకి కనిపించే ప్రతిభకు ఎక్కువ వాడతారు.

తెనాలి రామకృష్ణుడి మీద ఇంగ్లీషు వ్యాసం రాయాలి. ఏ మాట వాడాలి?

ఒక్కటి చాలదు, ఈ ప్రశ్న నాకు ఇష్టం కూడా. పెరట్లో దొంగలు దాక్కున్నారని గ్రహించి, నగలన్నీ బావిలో పడేస్తున్నానని భార్యతో గట్టిగా చెప్పి, తెల్లవార్లూ వారి చేత నీళ్లు తోడించి తోట తడిపించుకున్న కథ తీసుకోండి. ఆ ఉపాయం క్లెవర్. నిండు సభలో అడిగిన ప్రశ్నకు తడుముకోకుండా బదులిచ్చిన సమయస్ఫూర్తి క్విక్ విటెడ్. ఆ జవాబుతో సభ నవ్వితే విటీ. విటీలో హాస్యం తప్పనిసరి, క్విక్ విటెడ్‌లో అక్కరలేదు. కన్నింగ్ మాత్రం రాయకండి, ఆ కథను దొంగలు చెబుతుంటే తప్ప.

రాయల మంత్రి తిమ్మరుసు మీద రాయాలంటే అస్ట్యూట్ మొదలుపెట్టండి. 1509లో గద్దెనెక్కిన యువరాజును చుట్టూ ఉన్న శత్రువుల మధ్య నిలబెట్టినవారికి క్లెవర్ చాలా చిన్న మాట.

చురుకైన పిల్లవాడిని యాక్టివ్ అనాలా, షార్ప్ అనాలా?

ఒక చోట కూర్చోకపోతే యాక్టివ్. చెప్పింది చటుక్కున పట్టుకుంటే షార్ప్. రెండూ అయితే మీకు ఓపిక ఎక్కువ కావాలి.

## పత్రికలు, పుస్తకాలు చదివేటప్పుడు

పాత పుస్తకంలో పనివాడిని కన్నింగ్ అని మెచ్చుకున్నారు. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. కన్నింగ్ ‘తెలియు’ అనే అర్థమున్న పాత క్రియ నుంచి వచ్చింది. ఒకప్పుడు నేర్పరి, నిపుణుడు అని అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో నేత, చెక్కడం పనుల్లో ఆరితేరినవారిని అలాగే అన్నారు. నేర్పు ఎక్కువున్నవారి మీద లోకానికి అనుమానం ఎక్కువేమో, మెల్లగా జిత్తులమారి అయింది. ష్రూడ్ దీనికి ఎదురుదారిలో నడిచింది. మధ్యయుగాల్లో దుర్మార్గుడనే తిట్టు, ఇప్పుడు వ్యాపార పేజీల్లో పొగడ్త. క్రాఫ్టీ కూడా కన్నింగ్‌తోపాటే జారింది. అందులోని ‘క్రాఫ్ట్’ మాత్రం చేతిపనుల అర్థంలో ఇప్పటికీ గౌరవంగా ఉంది.

కన్నింగ్, స్లై, క్రాఫ్టీ, వైలీ అన్నీ జిత్తులమారేనా?

అన్నీ ఆ వీధివే, ఇళ్లు వేరు. కన్నింగ్‌లో పథకం ఉంటుంది, ఎదుటివారికి నష్టం జరుగుతుంది. స్లైలో దాపరికం ముఖ్యం, పని జరిగిందని మీకు తరువాత తెలుస్తుంది. మన గుంటనక్క ఇక్కడిదే. క్రాఫ్టీలో మోసం కాస్త చిన్నది, ఒక్కోసారి ముద్దుగా కూడా అంటారు. వైలీ ఆటలో, రాజకీయంలో తలపండి, ఎన్ని వలలు పన్నినా చిక్కనివారికి. క్రీడా పేజీల్లో వయసు మీరిన స్పిన్ బౌలరును వైలీ అన్నారంటే తిట్టు కాదు.

ఇన్‌జీనియస్, ఇన్‌జెన్యుఅస్ ఒకేలా ఉన్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇన్‌జీనియస్ అంటే కొత్తగా, యుక్తిగా కనిపెట్టిన. ఇంజిన్, ఇంజినీరు మాటలకు చుట్టం. దీనికి బెంగళూరులోనే మంచి ఉదాహరణ ఉంది. కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఎవరి పేరు మీద ఉందో ఆ విశ్వేశ్వరయ్య పూర్వికులు ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం వారు. జలాశయంలో నీరు ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే గేట్లను ఆయన రూపొందించారు. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో వాటిని అమర్చారు. అది ఇన్‌జీనియస్. ఈ మాట మనిషికన్నా ఉపాయానికి, యంత్రానికి బాగా నప్పుతుంది.

ఇన్‌జెన్యుఅస్ అంటే కల్లాకపటం తెలియని, అమాయకమైన. ఇది లాటిన్‌లో స్వతంత్రుడిగా పుట్టినవాడనే అర్థం నుంచి వచ్చింది. రోజువారీ వార్తల్లో దీనికన్నా దీని వ్యతిరేకమైన డిసిన్‌జెన్యుఅస్ ఎక్కువ కనిపిస్తుంది: తెలిసీ తెలియనట్టు నటించే. మంత్రిగారి వివరణ గురించి సంపాదకీయంలో ఈ మాట ఉంటే ‘నంగనాచి కబుర్లు’ అని చదువుకోండి.

ఇంటలెక్చువల్ అంటే ఇంకా ఎక్కువ ఇంటెలిజెంటా?

కాదు. ఇంటలెక్చువల్ అంటే భావాల లోకంలో, చదువులో, చర్చలో మునిగినవారు. ఐదో తరగతి పిల్ల ఇంటెలిజెంట్ కావచ్చు, కుక్క కూడా కావచ్చు, ఇంటలెక్చువల్ మాత్రం కాలేదు. తెలుగు పత్రికలు మేధావి అనే మాటను రెండింటికీ వాడటం వల్ల ఈ గందరగోళం. ఎంతో చదివినవారిని లెర్నెడ్ అంటారు. అప్పుడు దాన్ని రెండు భాగాలుగా, ‘లర్-నిడ్’ అన్నట్టు పలకాలి. కోర్టుల్లో న్యాయవాదులు ఒకరినొకరు అనుకునేది ఇదే, నిజంగా చదివారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా.

సగేషియస్, క్యానీ అనే మాటలు నేర్చుకోవాలా?

చదివితే అర్థమైతే చాలు, వాడనక్కర లేదు. సగేషియస్ అంటే దూరదృష్టి గల వివేకి. దాని లాటిన్ మూలం వేటకుక్క వాసన పట్టే శక్తికి సంబంధించినది. క్యానీ స్కాట్లండు వైపు నుంచి వచ్చిన మాట, డబ్బు దగ్గర ఆచితూచి అడుగేసేవారికి. దానికి ముందు ‘అన్’ చేరితే అజాగ్రత్త అనుకునేరు. అన్‌క్యానీ అంటే ఒళ్లు జలదరించేంత వింతైన అని.

## పోటీ పరీక్షలకు

క్లెవరర్ అనాలా, మోర్ క్లెవర్ అనాలా?

రెండూ చెల్లుతాయి, పరీక్షలో క్లెవరర్ రాయండి. స్మార్టర్, వైజర్, బ్రైటర్ ఒక్క రూపమే. ఇంటెలిజెంట్‌కు, బ్రిలియంట్‌కు ముందు మోర్ రావాలి. మోర్ స్మార్టర్ రాస్తే మార్కు పోతుంది.

క్లెవర్ తరువాత ఇన్ రావాలా, ఎట్ రావాలా?

లెక్కల్లో, భాషల్లో తెలివికి ఎట్. చేతులతో, పనిముట్లతో నేర్పుకు విత్. మనం తెలుగులోని ‘లో’ను అనుసరించి ఇన్ వేస్తుంటాం.

ఖాళీ పూరించమన్నప్పుడు నాలుగు మాటలూ సరైనవిగానే కనిపిస్తాయి. ఎలా ఎంచుకోవాలి?

ఖాళీ తరువాతి నామవాచకం చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. నిర్ణయం, సలహా ఉంటే వైజ్. పెట్టుబడి, బేరం, అంచనా ఉంటే ష్రూడ్. ప్రశ్న ఉంటే ఇంటెలిజెంట్. గారడీ, ఉపాయం ఉంటే క్లెవర్. యంత్రం, పరికరం, పథకం ఉంటే ఇన్‌జీనియస్. నామవాచకం లేక మనిషే ఉంటే, వాక్యం చివర అతను చేసిన పని వల్ల ఎవరు బాగుపడ్డారో చూడండి. అందరూ అయితే వైజ్, తానొక్కడే అయితే ష్రూడ్, ఎదుటివారు మునిగితే కన్నింగ్.